బెజవాడ ఎండల్లో గ్రాఫిక్స్ కార్డు: చూడవలసిన అంకె ఏది?

మే నెల వచ్చిందంటే విజయవాడలో కంప్యూటర్ ఆటలు ఆడేవారి మధ్య ఒకే ప్రశ్న తిరుగుతూ ఉంటుంది: "నీ కార్డు ఎంత చూపిస్తోంది?" ఒకరు 72 అంటారు, ఇంకొకరు 84 అంటారు, 84 అన్నవారికి ఆ రాత్రి సరిగా నిద్ర పట్టదు. నా దృష్టిలో ఇది సగం ప్రశ్న మాత్రమే. గ్రాఫిక్స్ కార్డు, అంటే కంప్యూటర్‌లో ఆట బొమ్మలను గీసే భాగం, చూపించే ఉష్ణోగ్రతలో గది ఉష్ణోగ్రత కూడా కలిసి ఉంటుంది కాబట్టి, గది ఎంత వేడిగా ఉందో చెప్పకుండా కార్డు అంకె ఒక్కటే చెబితే అందులోంచి తేలేది చాలా తక్కువ.

కార్డు మీద ఉండే హీట్‌సింకు (వేడిని గాలికి వదిలే లోహపు రేకుల దొంతర), ఫ్యాన్లు చల్లదనాన్ని తయారుచేయవు. చిప్‌లో పుట్టిన వేడిని చుట్టూ ఉన్న గాలికి అప్పగిస్తాయి, అంతే. ఆ గాలి కంటే చిప్ ఎన్ని డిగ్రీలు పైన ఉంటుందనేది ప్రధానంగా రెండు విషయాల మీద ఆధారపడుతుంది: చిప్ ఎన్ని వాట్లు ఖర్చు చేస్తోంది, హీట్‌సింకు రేకుల మధ్య నుంచి ఫ్యాన్లు ఎంత గాలిని తోస్తున్నాయి. ఈ రెండూ మారనంతకాలం ఆ తేడా కూడా దాదాపు మారదు. 24 డిగ్రీల గదిలో 66 చూపిన కార్డు, అదే ఆటలో అదే ఫ్యాన్ వేగంతో 38 డిగ్రీల గదిలో 80 చుట్టుపక్కల చూపుతుంది. రెండు చోట్లా తేడా 42 డిగ్రీలే. కార్డుకు ఏ జబ్బూ రాలేదు. యూట్యూబ్ సమీక్షల్లో కనిపించే అంకెలు ఎక్కువగా 20 నుంచి 25 డిగ్రీల గదుల్లో తీసినవి. వాటిని చూసి మన కార్డును తప్పుపట్టడం న్యాయం కాదు.

మాది పై అంతస్తు ఫ్లాటు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ రోజుల్లో పగలంతా కాగిన స్లాబు చీకటి పడ్డాక కూడా గదిలోకి వేడిని దించుతూనే ఉంటుంది. రాత్రి పది గంటలకు కూడా గదిలో 36, 37 డిగ్రీలు ఉండడం మామూలే. అందువల్ల ఒక చిన్న డిజిటల్ థర్మామీటరును గోడకు తగిలించకుండా, క్యాబినెట్ (కంప్యూటర్ పెట్టె) ముందు గాలి లోపలికి వెళ్లే చోటే పెట్టాను. కార్డు అంకెలోంచి ఆ అంకెను తీసివేస్తే మిగిలేదే నేను గమనించే అంకె. ఆ తేడా జనవరిలోనూ మే నెలలోనూ ఒకేలా ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. ఎండతో సంబంధం లేకుండా అది పెరుగుతూ పోతుంటే దుమ్మో, చిప్‌కూ హీట్‌సింకుకూ మధ్య పూసే థర్మల్ పేస్టు పాతబడడమో, నెమ్మదించిన ఫ్యానో ఎక్కడో అడ్డుపడుతోందని అర్థం.

ఇక ప్రమాదం ఎక్కడ మొదలవుతుందనే విషయం. ఆర్‌టీఎక్స్ 3060 కార్డుకు ఎన్విడియా చెప్పిన గరిష్ఠ ఉష్ణోగ్రత 93 డిగ్రీలు, 4060 కార్డుకు 90 డిగ్రీలు. అయితే జీఫోర్స్ పేరుతో వచ్చే ఎన్విడియా కార్డులు చాలావరకు అంతదాకా పోనీయకుండా, 83 డిగ్రీల దగ్గరే తమ వేగాన్ని తామే తగ్గించుకునేలా అమర్చి వస్తాయి. పోటీ సంస్థ ఏఎమ్‌డీ లెక్క వేరు: 2019లో వచ్చిన ఆర్‌ఎక్స్ 5700 ఎక్స్‌టీలో చిప్ మీది అత్యంత వేడి బిందువు 110 డిగ్రీలు చేరినా అది తమ పరిమితిలోనిదేనని ఆ సంస్థ ప్రకటించింది. ఇక్కడ రెండు అంకెలను కలగాపులగం చేయకూడదు. సాధారణ ఉష్ణోగ్రత ఒకటి, ఆ అత్యంత వేడి బిందువు, అంటే హాట్‌స్పాట్, మరొకటి. రెండింటికీ 10 నుంచి 15 డిగ్రీల తేడా ఉండడం సహజం. నా సొంత గీత మాత్రం ఇది: మే నెలలో సాధారణ ఉష్ణోగ్రత 80 వరకు ఉంటే పట్టించుకోను, 85 దాటితే ఆట ఆపి కారణం వెతుకుతాను. నేటి చిప్‌లు తమను తాము కాపాడుకుంటాయి. ముందు నెమ్మదిస్తాయి, తప్పనిసరైతే ఆగిపోతాయి. ఏళ్ల తరబడి వేడికి అరిగిపోయేవి ఫ్యాన్ బేరింగులు, ఎండిపోయే పేస్టు, మెమరీ చిప్‌లకూ హీట్‌సింకుకూ మధ్య ఉండి గట్టిపడే ప్యాడ్లు.

గది ఉష్ణోగ్రత మన చేతిలో పెద్దగా లేదు కాబట్టి తగ్గించవలసింది వాట్లను. దీని గురించి మనవాళ్లు తక్కువగా మాట్లాడుకుంటారు, అదనపు ఫ్యాన్ల గురించి మాత్రం గంటలు గంటలు చర్చిస్తారు. ఆర్‌టీఎక్స్ 3060 పూర్తి పనిభారం మీద సుమారు 170 వాట్లు తీసుకుంటుంది. ఎమ్‌ఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రామ్‌లో పవర్ లిమిట్‌ను, అంటే కార్డు తీసుకోగల విద్యుత్తు హద్దును, 80 శాతానికి దించితే అది 136 వాట్లవుతుంది, గదికీ కార్డుకూ మధ్య తేడా కూడా ఇంచుమించు అదే నిష్పత్తిలో 42 నుంచి 34కు దిగుతుంది. అంటే 37 డిగ్రీల గదిలో 79 చూపవలసిన కార్డు 71 చూపుతుంది. ఇందుకు బదులుగా ఆటలో పోయే వేగం సాధారణంగా కొద్ది శాతం మాత్రమే, ఎందుకంటే చిట్టచివరి కొద్దిపాటి వేగం కోసం చిప్ మితిమీరిన విద్యుత్తును మింగుతుంది.

ఇంకా ఓపిక ఉన్నవారికి అండర్‌వోల్టింగ్, అంటే చిప్‌కు అందే వోల్టేజిని తగ్గించడం, ఉంది. చిప్ ఖర్చు చేసే శక్తి దాని వేగానికి నేరుగానూ, వోల్టేజికి వర్గంగానూ పెరుగుతుంది. అందుకే వేగాన్ని అలాగే ఉంచి వోల్టేజిని 10 శాతం తగ్గించగలిగితే, ఆ భాగంలో ఖర్చు దాదాపు 19 శాతం తగ్గుతుంది. అదే ఆఫ్టర్‌బర్నర్‌లో కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కితే వోల్టేజి, వేగాల గీత తెరుచుకుంటుంది. 0.9 వోల్టుల దగ్గర కావలసిన వేగాన్ని నిలిపి, ఆపైన గీతను సమతలం చేయాలి. ప్రతి చిప్‌కూ తన హద్దు వేరుగా ఉంటుంది కాబట్టి పక్కవాడి అంకెలను ఎత్తి పెట్టుకోవడం వల్ల ప్రయోజనం లేదు. మీ దగ్గరున్న ఆటల్లో అన్నిటికంటే బరువైనదాన్ని గంటసేపు ఆడి చూడండి, బొమ్మ చెదిరినా ఆట మూసుకుపోయినా వేగాన్ని కొద్దిగా తగ్గించండి. ఇవి కార్డులో శాశ్వతంగా రాసుకుపోయే మార్పులు కావు, రీసెట్ నొక్కితే పాత స్థితి తిరిగి వస్తుంది.

వీటన్నిటికంటే తేలికైనది ఫ్రేమ్ రేటుకు, అంటే కార్డు సెకనుకు గీసే బొమ్మల సంఖ్యకు, హద్దు పెట్టడం. మానిటరు సెకనుకు 75 బొమ్మలే చూపగలిగినప్పుడు కార్డు 140 బొమ్మలు గీయడం వృథా వేడి. కొన్ని ఆటల్లో ఏమీ జరగని మెనూ తెర మీద కూడా హద్దు లేకపోతే కార్డు పూర్తి పనిభారం మోస్తూ ఉంటుంది. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో గరిష్ఠ ఫ్రేమ్ రేటును ఒకసారి నిర్ణయించి వదిలేస్తే సరిపోతుంది.

తరువాత గాలి. ముందు నుంచి చల్లగాలి లోపలికి, వెనుక నుంచి వేడిగాలి బయటికి వెళ్లాలి. ముందంతా అద్దం బిగించి రంగురంగుల దీపాలు వెలిగే క్యాబినెట్‌లు అందంగా ఉంటాయన్నమాట నిజమే, కానీ వాటిలో చాలావాటికి గాలి పీల్చుకునే దారి సన్నగా ఉంటుంది. మీ క్యాబినెట్ సంగతి తేల్చుకోవడానికి సులువైన పరీక్ష ఒకటుంది: ఆట నడుస్తుండగా పక్క పలకను తీసి పది నిమిషాలు ఆగండి. ఉష్ణోగ్రత ఒకటి రెండు డిగ్రీలు దిగితే ఫరవాలేదు. ఆరేడు డిగ్రీలు దిగితే క్యాబినెట్‌కు ఊపిరాడడం లేదన్నమాట. అలాగని ఆ పలకను శాశ్వతంగా తీసి ఉంచితే దుమ్ముతో పాటు బల్లులు కూడా లోపల కాపురం పెడతాయి. గోడ మూలన, బల్ల కింద ఇరికించిన క్యాబినెట్ తాను వదిలిన వేడిగాలినే మళ్లీ పీలుస్తుంది కాబట్టి వెనుక జానెడు చోటైనా వదలాలి. సీలింగ్ ఫ్యాను వేస్తే కార్డు చల్లబడుతుందని చాలామంది నమ్మకం. ఫ్యాను గదిలో గాలిని కదుపుతుందే గాని చల్లబరచదు, మనకు చల్లగా అనిపించేది చెమట ఆరడం వల్ల, కార్డుకు చెమట పట్టదు. క్యాబినెట్ వెనుక పేరుకున్న వేడిని చెదరగొట్టడం వరకే దాని మేలు.

దుమ్ము సంగతి మనకు చెప్పవలసిన పని లేదు. బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల రోడ్డు వైపు కిటికీ తెరిచి ఉంచే ఇళ్లలో మూడు నెలలకే ముందు ఫిల్టరు బూడిదరంగు దుప్పటి కప్పుకుంటుంది. గుంటూరులో మిర్చి యార్డుకు దగ్గరగా ఉండే మా బావ సీజనులో క్యాబినెట్ తెరిస్తే ఇంటిల్లిపాదికీ తుమ్ములే. శుభ్రం చేసేటప్పుడు కరెంటు తీసేసి, బాల్కనీలోకి తీసుకెళ్లి బ్లోయరుతో ఊదాలి. కార్డు ఫ్యాన్ రెక్కలను వేలితో ఆపి పట్టుకోవాలి, లేకపోతే అవి తమ వేగాన్ని మించి తిరిగి బేరింగులు దెబ్బతింటాయి.

ఏసీ ఉన్నవారికి పని సులువు. ఒక టన్ను ఏసీ గదిలోంచి సుమారు 3,500 వాట్ల వేడిని తోడగలదు, ఆట ఆడే కంప్యూటర్ గదిలోకి వదిలేది 300 వాట్ల చిల్లర. 28 దగ్గర పెట్టినా చాలు. ఎయిర్ కూలరును మాత్రం క్యాబినెట్ మీదికి తిప్పవద్దు, నీటి తుంపరలతో పాటు లవణాలు కూడా లోపలికి చేరతాయి. ఆట మధ్యలో కరెంటు పోతే ఫ్యాన్లు ఆగి కార్డు కాలిపోతుందేమోనని భయపడేవారు ఉన్నారు. ఫ్యాన్లతో పాటే వేడి పుట్టడం కూడా ఆగిపోతుంది.

ఇవన్నీ చేశాక కూడా గదికీ కార్డుకూ మధ్య తేడా మొండికేస్తే, హాట్‌స్పాట్ సాధారణ ఉష్ణోగ్రత కంటే 25 డిగ్రీలకు పైగా పోతుంటే, థర్మల్ పేస్టును అనుమానించాలి. వారంటీ మిగిలి ఉంటే విప్పకుండా సర్వీసుకు ఇవ్వడమే మేలు. వారంటీ అయిపోతే, షాపుకు తీసుకెళ్లినప్పుడు పేస్టుతో పాటు మెమరీ మీది ప్యాడ్ల మందం గురించి తప్పకుండా అడగండి. పాతవాటి కంటే మందమైన ప్యాడ్లు వేస్తే హీట్‌సింకు చిప్‌ను సరిగా తాకక, బాగుచేయించిన కార్డు మునుపటి కంటే ఎక్కువ కాగుతుంది.

కొత్త కార్డు కొనేవారు ధరతో పాటు వాట్లను కూడా చూడడం మన ఊళ్లో అవసరమని నేననుకుంటాను. 4060 సుమారు 115 వాట్లతోనే చాలా ఆటల్లో 170 వాట్ల 3060ని మించిపోతుంది; మెమరీ మాత్రం దానికి 8 జీబీ, 3060 మొదటి రకానికి 12 జీబీ. నేనైతే పై అంతస్తులో ఏసీ లేని గదికి ఆ తక్కువ వాట్ల కార్డునే ఎంచుకుంటాను, ఏసీ ఉన్న గదికైతే మెమరీ సంగతి ఆలోచిస్తాను.