రాజీ కుర్చీ

మా వీధిలో ఉండే అక్కకు తోడుగా పోలీస్ స్టేషన్‌కు వెళ్ళాను. భర్త కొట్టిన దెబ్బకు ఆమె చెంప మీద వాపు ఇంకా దిగలేదు. అక్కడి అధికారి మొదటి ప్రశ్న: "పిల్లలెంతమంది?" రెండోది: "ఇంట్లో మీరేమైనా ఎదురు మాట్లాడారా?" దెబ్బల సంగతి అడగనే లేదు. ఫిర్యాదు కాగితం మీద పేపర్‌వెయిట్ పెట్టి, "ఆయన్ని పిలిపించి మాట్లాడతాం, కాపురం కదమ్మా" అన్నారు. కొట్టినవాడి పక్కనే కుర్చీ వేసి ఆమెను కూర్చోబెట్టడాన్ని కౌన్సెలింగ్ అంటారట! ఒళ్ళు మండిపోయింది.

బయటికొచ్చి మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేశాం. హింసకు గురైన ఆడవాళ్ళకు సాయం చేసే సఖి కేంద్రానికి వెళ్ళమన్నారు. అక్కడొకామె తలుపు వేసి, మంచినీళ్ళిచ్చి, "మీకు తోచినట్టు చెప్పండి, తొందరేం లేదు" అంది. అక్క అప్పటిదాకా ఆపుకున్న ఏడుపంతా అక్కడే బయటపడింది. వైద్య పరీక్ష చేయించారు. 2005 గృహహింస చట్టం కింద రక్షణాధికారి నివేదిక రాసుకున్నారు. ఇల్లు అక్క పేరు మీద లేకపోయినా అందులో ఉండే హక్కు ఆమెకుందని చెప్పారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ మాట ఆమెకు ఎవరూ చెప్పలేదు, నాతో సహా ఎవరికీ తెలియదు కూడా. ఆడవాళ్ళకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలునిస్తారని కూడా అప్పుడే తెలిసింది.

కోర్టులో వేసిన దరఖాస్తును మొదటి విచారణ నుంచి 60 రోజుల్లో తేల్చేందుకు ప్రయత్నించాలని చట్టంలో ఉంది. మాకు మాత్రం వాయిదా మీద వాయిదా. వెళ్ళిన ప్రతిసారీ అక్కకు ఒక పూట కూలి పోతోంది, ఆయనగారు మాత్రం ఇంట్లోనే దర్జాగా ఉన్నారు. వచ్చే వాయిదాకు నేనూ సెలవు పెట్టాను.