తెల్ల గిత్త, నల్ల ఇంకు

ఇవాళంతా లినో అనే మెత్తటి పలకమీద బొమ్మ చెక్కి, ఇంకుతో కాగితంమీద అచ్చు తీయడంతోనే సరిపోయింది. పొద్దున కాగితం మీద గీసిన గిత్తను నాన్నకు చూపిస్తే కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. "ఆవయితే ఒళ్ళంతా తెలుపేనమ్మా. గిత్తకి మెడమీదా మూపురంమీదా నలుపు తిరుగుద్ది. అది రావాల," అన్నారు. ఒంగోల్లో ఉంటూ ముందు గిత్తను కాక ఇంకేం వేస్తాం? పైగా ఈ పనికి ఇంతకన్నా తగిన బొమ్మ లేదు. లినోలో ఉలి తీసేసిన చోటు కాగితంమీద తెల్లగా ఉండిపోతుంది. తవ్వకుండా వదిలిన మిట్టకే ఇంకు అంటుతుంది. కాబట్టి తెల్ల గిత్త కావాలంటే గిత్త ఒంటినే తవ్వాలి. గంగడోలు ముడతలు, కంటి చుట్టూ నలుపు మాత్రం సన్నగట్లుగా నిలపాలి. మూపురం దగ్గర గీతల్ని ఒత్తుగా ఉంచి, పొట్టవైపు వచ్చేకొద్దీ ఎడం చేశాను. 1930లో దండి యాత్రప్పుడు నందలాల్ బోస్ చెక్కిన గాంధీ కూడా లినోనే. నల్లటి నేలమీద తెల్ల గీతలు, చేతిలో కర్ర, ముందుకు పడిన అడుగు. బూడిదరంగు అవసరమే పడలేదు ఆయనకు. ఆ బొమ్మను ఎదురుగా పెట్టుకునే ఉలి పట్టాను.

లినో అంటే అవిసె నూనె, కార్కు పొడి కలిపి జనపనార గుడ్డమీద పరిచిన పలక. 1860లలో ఇంగ్లండులో ఇళ్ళ నేలమీద పరవడానికి పుట్టింది. వేడి తగిలితే మెత్తబడుతుంది. మన ఎండకు డాబామీద కాసేపు పెడితే చాలు, ఉలి ఎక్కడా ఆగకుండా సాగుతుంది. పలకను పట్టుకున్న చెయ్యి మాత్రం ఎప్పుడూ ఉలికి వెనకే ఉండాలి.

గాజు పలకమీద రోలరుతో ఇంకు పరుస్తుంటే చిటచిటమని సన్నటి చప్పుడు వస్తుంది. అది వినబడితే పలచన సరిపోయినట్టే. నీటి ఇంకు ఈ వేడికి ఇట్టే ఆరిపోతుంది, అందుకని ఫ్యాను ఆపేశాను. ప్రెస్సు లేదు, అక్కర్లేదు కూడా. ఇంకు అంటిన రోలరును లినోమీద దొర్లించి, పైన పలచటి కాగితం పరిచి, అమ్మ ఉదయగిరిలో కొన్న చెక్క గరిటె వెనకవైపుతో మధ్యనుంచి అంచులకు రుద్దాను. ఎంత నునుపో ఆ గరిటె! కాగితం ఎక్కడా లేవలేదు. మూల పట్టుకుని మెల్లగా ఎత్తితే, పలకమీద కుడికి తిరిగి ఉన్న గిత్త కాగితంమీద ఎడమకు తిరిగి వచ్చింది. నాన్న మూపురం దగ్గరే చూపు ఆపి, "వచ్చిందమ్మా," అన్నారు.

నుదుట ఎర్రబొట్టుకు చిన్న ముక్క వేరే చెక్కాలి. రెండూ సరిగ్గా ఒకచోట పడాలంటే కాగితం మూలలు ఆనేట్టు బల్లమీద అట్టముక్కలు అతికించాలి. నలుపు పూర్తిగా ఆరాకే ఎరుపు.