పాత ఫొటోలు ఒక్కొక్కరికే పంపడం: మూడో నెల

సంక్రాంతికి కందుకూరు వెళ్లినప్పుడు అమ్మ ట్రంకుపెట్టెలోంచి తెచ్చుకున్న ఫొటోలు 340. నిన్నటికి 214 ఫోన్‌లోకి ఎక్కాయి. ఒంగోల్లో స్టూడియోవాళ్లు చేసిస్తామన్నారు గానీ ఆ పెట్టె చేయి దాటించడం నాకిష్టం లేదు, అందుకే ఆదివారాలు నేనే కూర్చుంటున్నా.

ఉదయం ఎనిమిది, తొమ్మిది మధ్య కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట, నల్ల చార్టు మీద ఫొటో పెట్టి పైనుంచి తీస్తున్నా. ఫ్లాష్ వద్దు, ట్యూబ్‌లైట్ కూడా ఆర్పేయాలి, లేదంటే మెరుపు పడుతుంది. జిగురు ఆల్బంలో అతుక్కుపోయినవి గోరుతో లాగొద్దు. నాన్న పెళ్లికి ముందు దిగిన ఫొటో ఒకటి అలాగే చిరిగింది, ఆ బాధ ఇంకా పోలేదు. ఇప్పుడు కుట్టుదారం కిందికి దూర్చి అటూ ఇటూ మెల్లగా లాగుతున్నా, రాకపోతే పేజీ మీదే ఉంచి తీస్తున్నా.

అసలు సంగతి పంపడంలో ఉంది. మొదటి నెలంతా ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. దండాలు, పువ్వులు వచ్చాయి, మాట మాత్రం ఎవరూ కలపలేదు. స్టేటస్‌లో పెడితే 24 గంటల్లో పోతుంది, చూసినవాళ్లు కూడా ఏమీ అనరు. ఫిబ్రవరిలో 1978 నాటి ఫొటో, నెల్లూరు రొట్టెల పండగకి వెళ్లి స్వర్ణాల చెరువు గట్టున దిగింది, పెదనాన్న కూతురికి విడిగా పంపి "అక్కా, నీ పక్కన నిలబడింది ఎవరు?" అని అడిగాను. పది నిమిషాల్లో ఫోన్. "ఏందిరా, ఎట్టుండావు, ఇది నీకెక్కడ దొరికింది?" అంటూ నలభై నిమిషాలు మాట్లాడింది. నాలుగేళ్లుగా మా మధ్య పండగ మెసేజీలు తప్ప ఏమీ లేవు! అప్పట్నుంచి ఒక ఫొటో, ఒక మనిషి, ఒక ప్రశ్న. వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపాలి, మామూలుగా పంపితే క్వాలిటీ తగ్గిపోయి, ప్రింటు వేయించుకుంటే ముఖాలు మసకగా వస్తాయి.

ఉద్యోగం వైపు కూడా ఇదే పని చేసింది. 2008లో చీమకుర్తి ఫ్యాక్టరీలో గెలాక్సీ గ్రానైట్ స్లాబు ముందు మేమిద్దరం దిగిన ఫొటో పాత సూపర్‌వైజర్ గారికి పంపాను. ఆయన ఇప్పుడు కరీంనగర్‌లో గ్రానైట్ పనిలోనే ఉన్నారు. ఏ పనీ అడగలేదు, "ఆ రోజు పాలిష్ ఎందుకు చెడిందో గుర్తుందా సార్?" అని మాత్రం రాశాను. వాయిస్ మెసేజ్‌లో వివరంగా చెప్పారు, అది మా కుర్రాళ్లకి వినిపించాను. ఇప్పుడు రాళ్ల ఫొటోలు ఇద్దరం పంపుకుంటున్నాం. ఇలాంటి మనిషిని ఇన్నాళ్లు పలకరించకుండా ఎట్టా ఉన్నానో నాకే అర్థం కాలేదు.

ఒక తప్పు చేశాను. అత్త చిన్నప్పటి ఫొటో అడక్కుండా ఫేస్‌బుక్‌లో పెట్టాను, ఆమె బాధపడిందని బావ చెప్పాడు. వెంటనే తీసేసి, కావలి వెళ్లి ఎదురుగా కూర్చుని క్షమించమన్నాను. ఇక బతికున్నవాళ్లని అడక్కుండా బయట పెట్టను. పిల్లల ఫొటోలైతే అసలే లేదు.

మిగిలినవి 126. వాటిలో పదకొండింటిలో ఉన్నవాళ్లెవరో అమ్మకి కూడా గుర్తు రావడం లేదు. వచ్చే ఆదివారం అత్త ఒంగోలు వస్తోంది, అవి ముందు ఆమెకే చూపిస్తా.