అమ్మ ఫ్రిజ్ మీద అంటించిన కాగితం

విశాఖపట్నం లాసన్స్ బే కాలనీలో మా ఇంటి ఫ్రిజ్ మీద ఒక కాగితం ఉంటుంది. సంక్రాంతికి వచ్చినప్పుడు అన్నయ్య రాసి అంటించాడు. "ఒడ్డు దగ్గర ఉంటే రోజూ సాయంత్రం 4.30కి వీడియో కాల్. సముద్రంలో ఉంటే రోజుకు ఒక్క మెసేజ్. 48 గంటలు దాటితేనే ఫోన్ చేయండి." కింద 1554 అని పెద్ద అంకెలు. కోస్ట్ గార్డ్ నంబర్ అది.

అన్నయ్య, వదిన నాలుగేళ్లుగా 36 అడుగుల తెరచాప పడవలోనే కాపురం ఉంటున్నారు. ఎక్కువ రోజులు మలేషియాలోని లంకావి దగ్గరే లంగరు వేసుకుని ఉంటారు. అక్కడ టైమ్ మనకంటే రెండున్నర గంటలు ముందు. వాళ్లకు పొద్దుగూకే వేళ, అమ్మ మధ్యాహ్నం కునుకు తీసి లేచే వేళ కలిసేది 4.30కే. లోకల్ సిమ్ ఉంటే చాలు, అమ్మ వాళ్ల వంటగదిలో ఏ గిన్నె ఎక్కడుందో కూడా చెప్పగలదు.

ఒడ్డు వదిలాకే అసలు సంగతి. సెల్ టవర్ అందేది కొంతదూరమే. ఇంటర్నెట్ కోసం శాటిలైట్ డిష్ పెట్టించుకోవచ్చు గానీ, రోజంతా అది లాగే కరెంటును వాళ్ల సోలార్ బ్యాటరీలు మోయలేవు. అందుకని అరచేతిలో పట్టే శాటిలైట్ మెసెంజర్ ఒకటి పెట్టుకున్నారు. ఒక మెసేజ్‌కు 160 అక్షరాలు. నాలుగు గంటలకోసారి మ్యాప్ మీద ఒక చుక్క పడుతుంది. ఇంటికొచ్చేటప్పుడు మాత్రం దాన్ని పడవలోనే వదిలి వస్తాడు. అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్లలాంటివి మన దేశంలోకి తేవడం నేరం. తెలియక బ్యాగులో వేసుకొచ్చి ఎయిర్‌పోర్టుల్లో పట్టుబడినవాళ్లున్నారు. ఇలా తిరిగేవాళ్లు మీ ఇళ్లలో ఉంటే ముందే చెప్పండి.

ఫిబ్రవరిలో వాళ్లు లంకావి నుంచి శ్రీలంకలోని గాలేకి బయల్దేరారు. దాదాపు 1,200 నాటికల్ మైళ్లు, రోజుకు 120 చొప్పున పది రోజులు. ఈశాన్య గాలి వెనక నుంచి తోసే రోజులవి. రెండో రోజే అమ్మ కంగారుపడింది. ఓడలు కనిపించే యాప్‌లో పడవ మాయమైపోయిందట. పడవ పంపే ఆ సిగ్నల్‌ను ఒడ్డున ఉన్న రిసీవర్లు పట్టుకోవాలి, కొన్ని పదుల మైళ్లు దాటితే అందదు అని చెప్పి, చుక్కలున్న మ్యాప్ తెరిచి ఇచ్చాను. అప్పట్నుంచి ట్యాబ్ అమ్మ ఒడిలోనే. గ్రేట్ నికోబార్ కింద నుంచి చుక్కలు పడమటికి సాగుతుంటే ఒక్కో చుక్క మీద వేలు ఆనించి చూసేది.

ఐదో రోజు చుక్కలు ఆగిపోయాయి. మెసేజ్ కూడా లేదు.

ఆ రాత్రి అమ్మ పడుకోలేదు. నేనూ పడుకోలేదు. తెల్లవారి పెద జాలారిపేట నుంచి మాకు చేపలు తెచ్చే ఆవిడ వచ్చి, గుమ్మంలో తట్ట దించి, అమ్మ మొహం చూసింది. "ఏటమ్మా, అలాగున్నావు?" అంది. అమ్మ చెప్పింది.

"మా ఆయన ఏటకెళ్తే పదిహేను రోజులమ్మా. కొంత దూరమెళ్లాక సెల్లు పన్చెయ్యదు. బోటోళ్లు వైర్‌లెస్ సెట్లో మాటాడుకుంటారు. ముందొచ్చిన బోటోళ్లు 'మీ ఆయన బాగున్నాడు' అని మాకు సెప్తారు. ఆ ముక్క కోసమే జెట్టీకెళ్తాం."

ఆమె వెళ్లాక అమ్మ కాస్త టిఫిన్ తింది. నాకు హుద్‌హుద్ తుఫాను గుర్తొచ్చింది. 2014 అక్టోబర్ 12 ఆదివారం. కరెంటు లేదు, టవర్లు లేవు. అప్పుడు అన్నయ్య హైదరాబాద్‌లో ఉద్యోగం చేసేవాడు. నాలుగు రోజులు మా గొంతు వినకుండా గడిపాడు. ఆ నాలుగు రోజులు తనెలా ఉన్నాడో నేను ఎప్పుడూ అడగలేదని ఆ పొద్దున తట్టింది.

1554 రెండుసార్లు నొక్కి, కాల్ కలపకుండా చెరిపేశాను. నన్ను ఆపింది ఫ్రిజ్ మీది కాగితం ఒక్కటే కాదు. వాళ్ల పడవలో ఈపర్బ్ అనే పరికరం ఉంది. పడవ మునిగితే అది నీళ్లలో దానంతట అదే ఆన్ అవుతుంది, 406 మెగాహెర్ట్జ్ మీద ఉపగ్రహాలకు అందేలా కేక పెడుతుంది. దాన్ని రిజిస్టర్ చేసేటప్పుడు ఇంటివాళ్ల ఫోన్ నంబర్లు ఇవ్వాలి. అందులో మొదటిది నాదే. నా ఫోన్ మోగలేదంటే అది కేక పెట్టలేదన్నమాట. అలా అనుకుంటూనే, సైలెంట్‌లో పడిందేమోనని ఐదు నిమిషాలకోసారి ఫోన్ చూసుకున్నాను.

31 గంటలకు మెసేజ్ వచ్చింది. "కేబుల్ పాడైంది. ఇద్దరం బాగున్నాం. గాలి బాగుంది. అమ్మను పడుకోమను." అమ్మ దాన్ని మూడుసార్లు చదివించుకుంది.

గాలేలో దిగాక వీడియో కాల్‌లో ఆ ఛార్జింగ్ కేబుల్ చూపించాడు. ఉప్పు నీళ్లు తగిలి పిన్ను పచ్చగా చిలుము పట్టింది. వదిన ఇంకో కేబుల్ కొని, జిప్ కవర్‌లో పెట్టి, బియ్యం డబ్బాలో దాచిందట. కాగితం మీద నేనూ ఒక లైను కలిపాను: "చుక్క ఆగితే ముందు కేబుల్ అనుకోండి."

వాళ్లు పంపే మెసేజ్‌లు ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన తెలుగు. అమ్మకు అది చదవడం రాదు, నేనే చదివి వినిపించేదాన్ని. ఇప్పుడు రోజూ ఒక అరగంట నా పక్కన కూర్చుని నేర్చుకుంటోంది. నిన్న మొదటిసారి తనే టైప్ చేసింది. "తిన్నారా" అని రాసి, అక్షరాలు వేళ్ల మీద లెక్కపెట్టి, ఇంకా చాలా మిగిలాయి కదా, వదినకు మోకాలి నొప్పి తగ్గిందేమో కూడా అడుగుదాం అంది.