అజ్‌టెక్ రైతు దంపతుల బొమ్మలు: మూడో వారం

అజ్‌టెక్‌లంటే ఒకప్పుడు మెక్సికోను ఏలినవాళ్లు. అజ్‌టెక్ బొమ్మ అనగానే అందరూ ఈకల కిరీటం పెట్టిన యోధుణ్ణే చేస్తారు. నేను ఒక రైతునూ అతని భార్యనూ చేస్తున్నాను. ఆరో వంతు కొలత, ఒక్కోటి దాదాపు 26 సెంటీమీటర్ల ఎత్తు. తీగ చట్రం మీద ఎపాక్సీ ముద్ద పెట్టి జేగురు రంగు వేయడం గత వారమే అయిపోయింది. ఈ వారమంతా బట్టలతోనే సరి.

సోమవారం మల్లు గుడ్డ కత్తిరించి రైతుకు తిల్మాత్లి, అంటే పై దుప్పటి, కప్పాను. అంచుల్లో పోగులు ఊడాయి. మడిచి కుడితే అంచు తాడంత లావైంది. అప్పుడు వెలిగింది: అసలు ఆ బట్టకు కత్తెరతో పనే లేదు. ఆడవాళ్లు నడుముకు బిగించుకునే మగ్గం మీద కావలసిన కొలతకే నేసేవారు, నాలుగు వైపులా నేత అంచే.

సరే, నేనూ నేద్దామనుకున్నాను. అట్టకు 3 మిల్లీమీటర్లకొకటి చొప్పున గాట్లు పెట్టి నూలు దారంతో పడుగు సాగదీశాను. పేకకు కిత్తనార తాడు విప్పి, రాత్రంతా నానబెట్టి, గుండుసూదితో పోగులు చీల్చాను. అప్పట్లో నూలు బట్ట పెద్దింటివాళ్ల సొత్తు. సామాన్యులకు ఎక్కువగా మాగే నారే దిక్కు, అది మన గట్ల మీది కిత్తనార జాతి మొక్కే. చివరి రెండు సెంటీమీటర్లు మాత్రం ప్రాణం తీశాయి. పోగుల మధ్య సందు లేక, సూదితో ఒక్కొక్కటే ఎత్తి దూర్చాల్సి వచ్చింది.

దుప్పటి ముడి కుడి భుజం మీద రావాలి. నిజంగా ముడివేస్తే బొమ్మ మీద నిమ్మకాయ పెట్టినట్టుంది. రెండు మూలలకూ ఆవిరి పట్టించి, దగ్గరకు చేర్చి సన్నని దారంతో కట్టి, కొసలు పైకి లాగాను. గోచీకి రెండున్నర సెంటీమీటర్ల పట్టీ చాలింది.

భార్య రవిక, వాళ్ల మాటలో విపిల్లి, తేలికే: రెండు పట్టీలు పక్కపక్కన కుట్టి మధ్యలో తలకు సందు వదిలాను. జుట్టుతోనే తంటా. అజ్‌టెక్‌ల జీవితాన్ని బొమ్మల్లో చూపే 1541 ప్రాంతపు చేతిరాత పుస్తకం మెండోసా కోడెక్స్‌లో ఆడవాళ్ల జుట్టు కొసలు నుదుటిపైన రెండు కొమ్ముల్లా నిలబడతాయి. నా మొదటి ప్రయత్నంలో మేకపిల్ల వచ్చింది. నల్లదారం రెండు పాయలు చేసి, తల వెనక నుంచి చుట్టి, కొసలు అర సెంటీమీటరే పైకి వదిలితే కుదిరింది.

ఇద్దరికీ చెప్పులు పెట్టడం లేదు. అందుకని, ఎవరూ చూడరులే అని వదిలేసిన కాలివేళ్లు ఇరవై మళ్లీ చెక్కాలి.