మూతపడే ముందు షాపు ఎలా ఉంటుందంటే

ఇంగ్లాండ్‌లో పాత చైన్ షాపుల మీద జనానికి ఎంత విసుగు పుట్టిందో తెలియాలంటే శనివారం మధ్యాహ్నం పూట టిల్ (బిల్లు కొట్టే కౌంటర్) వెనక ఒక గంట నిలబడితే చాలు. నేను చదువుకునేటప్పుడు పార్ట్‌టైమ్‌గా, తర్వాత గ్రాడ్యుయేట్ వీసా (చదువు అయ్యాక ఇక్కడ పనిచేసుకోవడానికి ఇచ్చేది) మీద ఫుల్‌టైమ్‌గా అలాంటి షాపులోనే పనిచేశాను. పేరు చెప్పను, మిడ్‌లాండ్స్‌లో ఒక మాదిరి టౌన్, హై స్ట్రీట్ (ఊళ్లో ముఖ్యమైన బజారు వీధి) మధ్యలో ఉండేది, బల్బులు, పెయింట్ డబ్బాలు, గిన్నెలు, కర్టెన్ రాడ్లు, పూల విత్తనాలు, క్రిస్మస్‌కి లైట్లు, ఇలా ఇంట్లోకి కావాల్సిన చిల్లర సామానంతా అమ్మేవాళ్లం. ఇప్పుడు ఆ చైన్ లేదు. పేపర్లలో పెద్దగా వచ్చిన పేరు కూడా కాదు కాబట్టి మూతపడ్డాక ఎవరూ దాని గురించి రాయలేదు. కానీ లోపల ఉండి చూసినవాడిగా నాకు చెప్పాలని ఉంది, ఎందుకంటే కస్టమర్ల కోపం గురించి అందరూ మాట్లాడతారు గానీ ఆ కోపం ఎక్కడ పుడుతుందో టిల్ మీద ఉన్నవాళ్లకి తెలిసినంతగా ఎవరికీ తెలీదు.

ముందు ఒక మాట. ఇక్కడికొచ్చిన మనవాళ్లకి హై స్ట్రీట్ అంటే షాపింగ్ ఒక్కటే కాదు. 2024 దాకా వచ్చినవాళ్లకి గుర్తుండే ఉంటుంది, వీసా కార్డు, అదే బీఆర్‌పీ, పోస్టాఫీసుకెళ్లి తెచ్చుకోవాల్సి వచ్చేది, చాలా ఊళ్లలో ఆ పోస్టాఫీసు డబ్ల్యూహెచ్ స్మిత్ షాపు లోపలే ఉండేది. పుస్తకాలూ గ్రీటింగ్ కార్డులూ దాటుకుంటూ వెళ్లి పాస్‌పోర్టు పట్టుకుని లైన్లో నిలబడేవాళ్లం. ఆ కంపెనీ 1792లో మొదలైంది. 2025లో హై స్ట్రీట్ షాపులన్నీ, ఇంచుమించు 480 ఉంటాయి, మొడెల్లా క్యాపిటల్ అనే పెట్టుబడి సంస్థకి అమ్మేశారు, బోర్డు మీద టీజీజోన్స్ అని పేరు మారింది. లాభం వచ్చే ఎయిర్‌పోర్టు, రైల్వే స్టేషన్, హాస్పిటల్ షాపులు మాత్రం పాత పేరుతో అట్టే పెట్టుకున్నారు. అంటే ప్రయాణం చేసేవాడికి షాపు ఉంది, ఊళ్లో ఉండేవాడికి ఆ పేరు పోయింది. ఇది నాకు బాధగానే అనిపిస్తుంది.

సరే, మా షాపు సంగతికొస్తా.

ఒక పెద్దాయన ఉండేవారు, వారం వారం వచ్చేవారు, చక్రాల సంచీ లాక్కుంటూ. ఆయనకి కావాల్సింది వాక్యూమ్ క్లీనర్‌లో వేసే కాగితం సంచులు. మెషీన్ పాతది, అన్ని సంచులూ సరిపోవు, అందుకని నంబర్ పొరపాటు పోకుండా పాత ప్యాకెట్ అట్టముక్క కత్తిరించి పర్సులో పెట్టుకుని తెచ్చి చూపించేవారు, ఆ ముక్క అంచులు నలిగిపోయి మెత్తగా అయిపోయుండేది. నేను చేతిలో ఉన్న స్కానర్‌లో కొడితే ఆరు ఉన్నట్టు చూపించేది. షెల్ఫ్ మీద ఒక్కటి లేదు. వెనక స్టాక్ రూమ్‌లో లేదు. మళ్లీ వారం వచ్చినా అదే ఆరు.

అదెలా అంటే, ఆ ఆరూ ఎప్పుడో ఎవరో ఎత్తుకుపోయుంటారు, లేదంటే డెలివరీలో అసలు వచ్చే ఉండవు, కానీ సిస్టమ్‌కి అది తెలీదు. సిస్టమ్‌లో ఆరు ఉన్నంతకాలం డిపో నుంచి కొత్తవి పంపదు. ఎవరో ఒకరు కూర్చుని లెక్కపెట్టి సున్నా అని సరిచేస్తేనే మళ్లీ ఆర్డర్ పడుతుంది. ఇదివరకు ఆ లెక్కకోసమే వారంలో కొన్ని గంటలు రోటాలో, అంటే డ్యూటీల పట్టికలో, ఉండేవట, నేను చేరేసరికే ఆ గంటలు తీసేశారు. మనుషుల గంటలు తగ్గిస్తే నెలాఖరుకి జీతాల ఖర్చు తగ్గినట్టు కాగితం మీద కనిపిస్తుంది, దానివల్ల అమ్ముడుపోకుండా పోయిన సంచుల లెక్క మాత్రం ఏ కాగితం మీదా కనిపించదు. షాపులో అలాంటి వస్తువులు ఎన్ని ఉండుంటాయో ఆలోచించండి. సరుకు లేక కాదు, సరుకు లేదని చెప్పేవాడు లేక షెల్ఫ్ ఖాళీ.

ఆయనకి ఒకరోజు కోపం వచ్చేసింది. "ఉన్నాయని ప్రతిసారీ చెబుతావు, ఏవి? నన్ను ఇంటర్నెట్‌లో కొనుక్కోమంటావా, నాకు ఇంటర్నెట్ లేదు" అని గట్టిగా అరిచారు. ఆయన తప్పేమీ లేదు. మా తెనాలిలో కిరాణా కొట్టాయన అయితే సరుకు లేకపోతే రేపు సాయంత్రానికి తెప్పిస్తానంటాడు, తెప్పిస్తాడు, ఎందుకంటే కొట్టు ఆయనది. టిల్ మీదున్న నాకు ఒక్క ప్యాకెట్ ఆర్డర్ పెట్టే అధికారం లేదు. మా మేనేజర్‌కి కూడా లేదు, అదే నాకు అన్నింటికన్నా వింతగా ఉండేది. ఊళ్లో ఏం కావాలో ఊళ్లో ఉన్నవాళ్లకి తెలుసు, ఏం పంపాలో ఎక్కడో ఉన్న హెడ్డాఫీసు చెబుతుంది.

తర్వాత తర్వాత ఇంకో లక్షణం మొదలైంది. రావాల్సిన కేజ్‌లు, అంటే సామాను నింపి లారీలో పంపే చక్రాల బోనులు, తక్కువ రావడం. వచ్చినవాటిలో కూడా కావాల్సినవి ఉండవు. ఖాళీ కనపడకూడదని పైనుంచి ఆర్డర్, కాబట్టి ఉన్న సామానే ముందుకు లాగి వరసగా పేర్చేవాళ్లం, ఒక్కోసారి మొత్తం బే (షెల్ఫుల ఒక భాగం) అంతా ఒకే బ్లీచ్ సీసా, వెనక చెయ్యి పెడితే గాలి. కస్టమర్ ఒక సీసా తీయగానే వెనకున్న ఖాళీ కనిపించేది, మొహంలో మార్పు మాకు అక్కడినుంచే తెలిసేది.

ఇది ఎందుకు జరుగుతుందో నాకు చాలాకాలం అర్థం కాలేదు, మా సూపర్‌వైజర్ చెప్పింది. అరవై దాటిన మనిషి, స్కూలు అయిపోయినప్పటినుంచీ షాపుల్లోనే పని. ఇక్కడ అందరినీ పేరుతోనే పిలవాలి, ఆవిడ్ని పేరు పెట్టి పిలవడానికి నాకు మొదట్లో నోరు రాలేదు. ఆవిడ చెప్పిందేంటంటే, సప్లయర్లు సరుకు ముందు ఇచ్చి డబ్బు తర్వాత తీసుకుంటారు, ఆ మధ్యలో షాపు మునిగిపోతే తమ డబ్బు పోకుండా ఇన్సూరెన్స్ చేయించుకుంటారు. కంపెనీ పరిస్థితి బాలేదని తెలియగానే ఇన్సూరెన్స్ వాళ్లు ఆ కవర్ తగ్గిస్తారు. అప్పుడు సప్లయరు ముందు క్యాష్ కట్టమంటాడు, క్యాష్ లేకే కదా ఈ అవస్థ, అందుకని సరుకు రాదు, సరుకు లేక కస్టమర్ రాడు, కస్టమర్ రాక క్యాష్ ఇంకా తగ్గుతుంది. 2008లో వుల్‌వర్త్స్ అనే పెద్ద చైన్‌కి అదే అయిందని ఆవిడ అనేది, ఎందుకంటే అప్పుడు తను అక్కడే ఉంది. 807 షాపులు, 27,000 ఉద్యోగాలు, 2009 జనవరి 6కల్లా చివరి షాపు కూడా మూసేశారు. 2023లో విల్కో అనే ఇంటి సామాను చైన్ కథ కూడా ఇదే దారి. 1930లో లెస్టర్‌లో మొదలైన కుటుంబ కంపెనీ, 400 షాపులు, 12,500 మంది స్టాఫ్, ఆగస్టులో చేతులెత్తేసి అక్టోబర్‌కల్లా అన్నీ మూసేశారు. ఆ చివరి నెలల్లో వాళ్ల షాపుల్లో ఖాళీ షెల్ఫులు చూసినవాళ్లు స్టాఫ్‌ని తిట్టుకునుంటారు, కానీ అది స్టాఫ్ చేతిలో ఉన్న విషయం కాదు.

ఆన్‌లైన్ వల్లే షాపులు పోయాయి అని తేలిగ్గా అనేస్తారు. కొంత నిజమే, ఊరి బయట ఫ్రీ పార్కింగ్ ఉన్న రిటైల్ పార్కులు కూడా కారణమే, బిజినెస్ రేట్లు అని షాపు మీద వేసే పన్ను కూడా కారణమే. కానీ డబ్బు ఎటుపోయిందో కూడా చూడాలి. డెబెన్‌హామ్స్ అనే పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ చైన్‌ని 2003లో ప్రైవేట్ ఈక్విటీ వాళ్లు, అంటే కంపెనీలు కొని లాభానికి అమ్ముకునే పెట్టుబడి సంస్థలు, కొన్నారు, సొంత బిల్డింగులు అమ్మించి వాటికే దీర్ఘకాలం అద్దె కట్టేలా లీజులు రాయించారు, కంపెనీ నెత్తిన అప్పు పెట్టారు, కొన్నేళ్లకే లాభంతో బయటికెళ్లిపోయారు. 1778 నాటి షాపు, 2021 మే నెలలో తలుపులు మూసుకుంది. బీహెచ్‌ఎస్ అనే ఇంకో డిపార్ట్‌మెంట్ స్టోర్ చైన్‌ని దాని యజమాని ఫిలిప్ గ్రీన్ 2015లో ఒక్క పౌండుకి అమ్మేశాడు, ఏడాది దాటిన కొద్ది వారాలకే అది కూలిపోయింది, 11,000 మంది ఉద్యోగాలు పోయాయి, పెన్షన్ ఫండ్‌లో 571 మిలియన్ పౌండ్ల లోటు బయటపడింది. పార్లమెంటు కమిటీ గట్టిగా నిలదీశాక 2017లో ఆయన 363 మిలియన్లు కట్టాడు. ఇవన్నీ బయటికొచ్చిన లెక్కలు. ఎస్కలేటర్ పాడై నెలల తరబడి టేపు కట్టి ఉంటే, హీటర్ పనిచేయక జనవరిలో కోటు వేసుకుని బిల్లు కొడుతుంటే, దాని వెనక ఇలాంటి సంతకాలు ఏవో ఉంటాయని నాకు అప్పుడు తట్టలేదు.

ఇక తిట్లు. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఏంటో టిల్ మీద తెలుస్తుంది. ఇద్దరం ఉండాల్సిన చోట ఒక్కడిని పెట్టి, పక్కన సెల్ఫ్ చెకవుట్ మెషీన్లు పెట్టి, అవి ఆగిపోయినప్పుడల్లా టిల్ వదిలేసి నేనే పరిగెత్తాలి, లైన్ తలుపు దాకా పోతుంది, దాంట్లో చివర ఉన్నాయన నా దగ్గరికి వచ్చేసరికి ఉడికిపోయుంటాడు. దానికి తోడు ప్రతి ఒక్కరినీ లాయల్టీ కార్డు ఉందా, లేకపోతే ఇప్పుడే చేయించుకుంటారా అని అడగాలి, అడగకపోతే మాకు మాట పడుతుంది. ఎక్కువమంది విసుక్కుని ఊరుకునేవాళ్లు. కొందరు మాత్రం మీ దేశం వెళ్లిపో అనేదాకా వచ్చేవాళ్లు. అలాంటప్పుడు మా సూపర్‌వైజర్ ఎక్కడున్నా వచ్చి నా పక్కన నిలబడి, సామాను బుట్ట వెనక్కి లాక్కుని, ఈ షాపులో నీకు అమ్మకం లేదు అని చెప్పి పంపేసేది. షాపుల కంపెనీల సంఘం బ్రిటిష్ రిటైల్ కన్సార్షియం లెక్క ప్రకారం 2023-24లో షాపుల్లో పనిచేసేవాళ్ల మీద దాడులూ దూషణలూ రోజుకి 2,000కి పైగా జరిగాయి, అంతకుముందు ఏడాది అది 1,300. అందులో మనవాళ్లు ఎంతోమంది ఉంటారు, రాత్రిపూట పెట్రోల్ బంకుల్లో, సూపర్ మార్కెట్లలో. ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఇవేవీ చెప్పం.

అయినా నేను ఒకటి మాత్రం గట్టిగా నమ్ముతాను. అరిచిన ఆ పెద్దాయన మా మీద ప్రేమ ఉన్న కస్టమర్. షాపు మీద ఆశ వదులుకున్నవాళ్లు అరవరు, ఊరికే రావడం మానేస్తారు. స్టాక్ తప్పు, టిల్ మీద మనుషులు చాలరు, ధర లేబుల్ ఒకటి బిల్లు ఒకటి అని ఆయనలాంటివాళ్లు మాకు ఫ్రీగా చెప్పారు, మేం రాసి పైకి పంపాం, మా మేనేజర్ పంపిన మెయిళ్లు నేనే టైప్ చేసిచ్చాను. జవాబుగా వచ్చింది కొత్త యూనిఫారం, కొత్త లోగో. ఆ డబ్బుతో రెండు నెలలు ఇద్దరిని లెక్క మీద కూర్చోబెడితే సగం ఫిర్యాదులు తీరేవి.

మూసేస్తున్నారన్న సంగతి మాకు వార్తల్లోనే తెలిసింది. తెల్లారి షాపు తెరవగానే కస్టమర్లే మమ్మల్ని అడుగుతున్నారు, నిజమేనా అని. అడ్మినిస్ట్రేటర్లు, అంటే మునిగిన కంపెనీ వ్యవహారం చూడటానికి పెట్టినవాళ్లు, వచ్చారు, గిఫ్ట్ కార్డులు సగం వరకే తీసుకోమన్నారు, తర్వాత అసలు వద్దన్నారు, రిటర్నులు లేవన్నారు. ఒకావిడ మనవరాలి పుట్టినరోజుకి ఇద్దామని దాచుకున్న కార్డు తెచ్చింది, అది చెల్లదని చెప్పాల్సింది మళ్లీ టిల్ మీదున్నవాళ్లమే. క్లోజింగ్ డౌన్ సేల్ బోర్డులు పెట్టాక, ఏళ్ల తరబడి రానివాళ్లంతా వచ్చారు, అయ్యో పాపం చిన్నప్పుడు ఇక్కడే కొనేవాళ్లం అంటూ షెల్ఫులు కూడా ఎంతకి ఇస్తారని అడిగారు.

రెండేళ్ల సర్వీసు నిండితేనే చట్టప్రకారం రిడండెన్సీ డబ్బు, అంటే ఉద్యోగం పోయినందుకు ఇచ్చే పరిహారం, వస్తుంది, కంపెనీ దివాలా తీస్తే దాన్ని ప్రభుత్వం రిడండెన్సీ పేమెంట్స్ సర్వీస్ ద్వారా ఇస్తుంది. మా సూపర్‌వైజర్‌కి వచ్చింది. రెండేళ్లు నిండని మా కుర్రాళ్లకి రాలేదు, ఆగిపోయిన జీతం, వాడుకోని సెలవుల డబ్బు మాత్రం అప్లై చేస్తే వస్తుందని చాలామందికి తెలియక వదిలేశారు, వదలకండి. గ్రాడ్యుయేట్ వీసా కంపెనీకి ముడిపడి ఉండదు కాబట్టి నేను వేరే చోట చేరగలిగాను, అదే కంపెనీ స్పాన్సర్ చేసే స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నవాళ్లకైతే మామూలుగా 60 రోజుల్లో కొత్త స్పాన్సర్‌ని వెతుక్కోవాలి.

ఇప్పుడు కొత్తగా వచ్చే తమ్ముళ్లు, చెల్లెళ్లు పార్ట్‌టైమ్ ఎక్కడ చూసుకోమంటావు అన్నా అని మెసేజ్ పెడుతుంటారు. షాపు అయితే ఇంటర్వ్యూకి వెళ్లేముందు ఒకసారి లోపల తిరిగి చూడండి అంటాను, ఒకే వస్తువు బే నిండా పరిచి ఉంటే, టిల్ మీద ఒక్కరే ఉండి లైన్ కదలకపోతే, ఆ కంపెనీ మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. కొనేవాళ్లకి కూడా అంతే. సోఫా లాంటి పెద్దది కొని డెలివరీ కోసం ఆగాల్సి వస్తే క్రెడిట్ కార్డు మీద కట్టండి, ధర 100 పౌండ్లు దాటి 30,000 లోపుంటే 1974 కన్జ్యూమర్ క్రెడిట్ చట్టం సెక్షన్ 75 కింద షాపు మునిగినా బ్యాంకుని అడగొచ్చు. డెబిట్ కార్డయితే చార్జ్‌బ్యాక్ (కట్టిన డబ్బు వెనక్కి ఇప్పించడం) చేయమని బ్యాంకుని అడగండి, అది చట్టం కాదు గానీ చాలాసార్లు పనిచేస్తుంది. ఆఫీసులో క్రిస్మస్‌కి ఇచ్చిన గిఫ్ట్ కార్డు ఏదైనా సొరుగులో పడుంటే ఈ వారమే వెళ్లి వాడేయండి.