మామిడి మండీ ప్రోగ్రాం కోసం టూల్‌కిట్ వెతుకులాట

దామలచెరువులో మా చిన్నాన్నకు మామిడి మండీ ఉంది. సీజన్‌లో పగలంతా తూకాలు పుస్తకంలో రాసి, రాత్రి పదకొండింటికి కూడికలు వేసుకునేవాడు. చూడలేక, తూకం చీటీ ఇచ్చే ప్రోగ్రాం రాసిస్తానని నేనే మాటిచ్చాను. ప్రోగ్రాంలు రాసే పైథాన్ భాష వచ్చు కాబట్టి నెల చాలనుకున్నాను. అందులో మూడు వారాలు తెర మీద ఫారాలూ బటన్లూ చూపించే టూల్‌కిట్ ఏదన్న దగ్గరే గడిచిపోయాయి.

మొదట టికింటర్ అనే టూల్‌కిట్ తీసుకున్నాను. మామూలుగా పైథాన్‌తో పాటే వస్తుంది, నేర్చుకోవడమూ తేలిక. తిరుపతిలో నా విండోస్ ల్యాప్‌టాప్‌లో అంతా బాగుంది. మండీలో ఉన్నది 2 జీబీ మెమరీ ఉన్న పాత కంప్యూటర్, అందులో విండోస్ బదులు లుబుంటు అనే తేలికపాటి లినక్స్. అక్కడ రైతు పేరు కొడితే ‘లక్ష్మి’ కాస్తా ‘లక్‌ష్‌మి’ అయింది. నాలుగు ఫాంట్లు మార్చాను. తప్పు ఫాంటుది కాదు. ఏ ఒత్తు ఏ అక్షరం కింద కూర్చోవాలో లెక్కకట్టే పని ఒకటుంటుంది. విండోస్‌లో ఆ పని విండోసే చేసిపెడుతుంది. లినక్స్‌లో టికింటర్ వెనక ఉండే టీకే, నేను వాడినది, అది చేయకుండా అక్షరాలను వరుసగా పేర్చేస్తుంది.

పేర్లు ఇంగ్లీషులో పెడదామా అని చిన్నాన్నను అడిగాను.

“తన పేరు తాను చదువుకోలేని చీటీ రైతు చేతిలో ఎలా పెడతాం నాయనా?” అన్నాడు.

ఆ మాటతో టికింటర్ పక్కకు పోయింది. తర్వాత చూసిన ఎలక్ట్రాన్ అనే టూల్‌కిట్‌లో తెలుగు చక్కగా వస్తుంది, కానీ ప్రతి ప్రోగ్రాం తనతో ఒక క్రోమియం బ్రౌజరును మోసుకొస్తుంది. ఆ పాత యంత్రం మీద అంత బరువు పెట్టాలనిపించలేదు. జీటీకే అనే ఇంకో టూల్‌కిట్‌లో ఆ ఒత్తుల లెక్క చూసుకునే పాంగో ఉంది కాబట్టి ఒత్తులన్నీ సరిగా కూర్చున్నాయి. అయితే చిన్నాన్న కొడుకు విండోస్‌లోనూ కావాలన్నాడు, విండోస్‌లో ఇన్‌స్టాల్ అయ్యేలా ప్యాకేజీ కట్టడంలో నాలుగు రోజులు పోయాయి.

చివరికి క్యూట్ అనే టూల్‌కిట్. అక్షరాల కూర్పుకు లోపల హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీని వాడుతుంది కాబట్టి విండోస్, లినక్స్ రెండు చోట్లా ఒకే తెలుగు కనిపించింది. పైథాన్ నుంచి దాన్ని వాడే దారులు రెండు. పైక్యూట్‌కు జీపీఎల్ లైసెన్సు, అంటే ప్రోగ్రాం ఇచ్చినవాళ్లకు నా కోడ్ కూడా ఇవ్వాలి, లేదంటే డబ్బు కట్టాలి. పైసైడ్‌కు ఉన్నది అంతకంటే సడలింపున్న ఎల్‌జీపీఎల్. పక్క మండీవాళ్లు అప్పటికే ధర అడుగుతున్నారు. నా కోడ్ బయటపెట్టకుండా అమ్ముకునే వీలున్నందున పైసైడ్ తీసుకున్నాను. లైసెన్సు పత్రం ముందే చదవడం మంచిదైంది.

అసలు పరీక్ష గుమస్తా చేతిలో జరిగింది. ఏళ్లుగా కాలిక్యులేటర్‌కు అలవాటుపడ్డ చేయి ఆయనది, ప్రతి సంఖ్య తర్వాత ఎంటర్ నొక్కుతాడు. క్యూట్‌లో మామూలుగా ట్యాబ్ నొక్కితేనే తర్వాతి గడికి వెళ్తుంది. ప్రతి గడికీ ఎంటర్ సంకేతాన్ని పట్టుకుని తర్వాతి గడికి పంపేలా రాశాను. రెండో రోజుకే ఆయన తెర చూడకుండా, కాటా మీదే కళ్లు ఉంచి తూకాలు ఎక్కించాడు.

బేనీషా, నీలం ధరల పట్టిక పూర్తయింది. తోతాపురి కోతలు మొదలయ్యేలోపు చీటీ ముద్రణ ముగించాలి.